గుండయ్య చూసిన సరస్సు

పట్నంలోని కార్వాన్ పేట పాలవాళ్లలో అతన్ని కాశ్మీర్ గుండయ్య అనేవారు. ఆ పేరుకు పలికేవాడే గాని, కాశ్మీరు మాటెత్తేవాడు కాదు.

1938 ఎండలకు ముందే ఒక జాగీర్దారు తల్లి కాశ్మీరు కొండలకు ప్రయాణమైంది. ఆమె గుండయ్య బర్రె పాలు తప్ప తాగదు. అందుకని బర్రె, ఇరవై రోజుల దూడ, వాటితో గుండయ్య రైలెక్కారు.

"నువ్వు తడిస్తే తడువు. దూడను తడవనియ్యకు" అంది భార్య సక్కుబాయి. కాన్పులో అడ్డం తిరిగిన ఆ దూడను తన చేతులతో బయటికి లాగింది ఆమే.

రావల్పిండి దాకా రైలు. తర్వాత రెండు రోజులు లారీ. కొండల నడుమ మానస్‌బల్ సరస్సు ఒడ్డున గుడారాలు వేశారు.

ఐదో రోజు మధ్యాహ్నం గుండయ్య దూడను బయట మేకుకు కట్టి, పడవవాడు పిలిస్తే ఎక్కాడు. మంచుకొండలు నీళ్లలో తలకిందులుగా ఉన్నాయి. తెడ్డు తగిలితే చెదిరి, మళ్లీ కుదురుకుంటున్నాయి. ఊహ తెలిసిన నాటి నుంచి పని లేకుండా అతను కూర్చున్నది ఆ పూటే.

పడవవాడు కమ్ముకొస్తున్న మబ్బుల వైపు చూసి, తెడ్డుతో ఒడ్డు చూపించాడు. "బాదల్ ఆ గయే భాయ్. వాపస్ చలేఁ?"

దూడ గుర్తుకు రాకపోలేదు. వచ్చింది.

"థోడా ఔర్ చలో భాయ్" అన్నాడు గుండయ్య, ఇంకొంచెం ముందుకు పొమ్మని చెయ్యి చూపుతూ.

వడగళ్లు పడ్డాయి. తిరిగి వచ్చేసరికి దూడ నేలమీద వణుకుతోంది. గొంగడి కప్పాడు, మంట వేశాడు. తెల్లారేసరికి చచ్చిపోయింది.

దూడ లేనిదే బర్రె పాలు చేపదు. అతనే తోలు ఒలిచి, గడ్డి కూరి, కుట్టి, దాని ముందు నిలబెట్టాడు. బర్రె ఆ తోలును నాకింది. పొదుగు నిండింది. ఇక్కడి పాలు ఇంకా తియ్యగా ఉన్నాయని పెద్దావిడ కబురు పంపింది. రెండు నెలలు, రెండు పూటలా అతను ఆ తోలును నిలబెట్టాడు.

ఇంటికొచ్చాక "సలికి సచ్చింది" అని మాత్రం సక్కుబాయికి చెప్పాడు.

"ఏం చూసినవ్ రా గాడ? దేవకన్యల లెక్క పరీలున్నరా?" అన్నాడు పక్కింటి దుర్గయ్య.

"పరీలనా? బర్రె తోకనే చూసుంటడు" అన్నారెవరో. గుండయ్య కూడా నవ్వాడు.

రెండేళ్లకు బర్రె మళ్లీ ఈనింది. సక్కుబాయి దూడను గోనెగుడ్డతో తుడుస్తోంది.

"అప్పుడు గా దూడ కోసం నువ్వు ఎంత తండ్లాడినవో. గా సలికి నువ్వేం జేస్తవ్" అంది. ఎవరడిగినా ఆమె ఇదే చెప్పేది.

గుండయ్య చేతిలోని చెంబు కింద పెట్టాడు.

"నేను పడవల ఉన్న. మబ్బు కానొచ్చింది. పడవాయన వాపస్ పోదామన్నడు. నాకే రాబుద్ధి గాలె."

ఆమె చేయి ఆగింది.

"అంత మంచిగుండెనా?"

లేదనాలనుకున్నాడు.

"ఉండె" అన్నాడు.

సక్కుబాయి దూడను తన వైపు తిప్పుకుని, మళ్లీ తుడవసాగింది.