తదితరులు లాగని పడవ

ఇప్పుడు ఏ సంగతైనా పూర్తిగా జరగకముందే లోకమంతటికీ తెలిసిపోతోందని మా మనవరాలు తెగ గొప్పలు పోతుంది. ఆ రోజుల్లో మాకు అంతకంటే ముందే తెలిసేది. మా ఊరి వారపత్రికలో వార్త ముందు అచ్చయ్యేది, సంగతి తర్వాత జరిగేది. (వెటకారం కాదు, వ్యవహారమే అలా ఉండేది.) తోటపల్లి గూడూరు దాటి సముద్రం వైపు పోతూ ఉంటే, రోడ్డు విసుగుపుట్టి ఇసుకలో కలిసిపోయే చోట మా ఊరు. ఒకపక్క వరి కయ్యలు, ఇంకోపక్క చేపలు పట్టేవాళ్ల పాలెం, మధ్యలో బకింగ్‌హాం కాలవ. అరవయ్యో దశకం అప్పుడప్పుడే మొదలవుతోంది. మద్రాసులో ఎవరో వద్దనుకున్న అచ్చు మిషను ఒకటి, కాలితో తొక్కేది, కాలవ మీద పడవలో తెప్పించి మా మామ తన ఇంటి వసారాలో బిగించుకున్నాడు. మామ అంటే మా అమ్మకు స్వయానా అన్న. ఊళ్లో అందరికీ ఆయన 'పత్రిక మామే'.

పత్రిక మీద శుక్రవారం తేదీ ఉండేది. కానీ కట్టలు దిగువ ఊళ్లకు చేరాలంటే బుధవారం పడవకే ఎక్కించాలి, ఎందుకంటే మా కాలవ పడవ గాలి వీస్తే నడిచేది, వీయకపోతే ఆలోచించుకుంటూ నిలబడేది. కాబట్టి గురువారం జరగబోయే పెళ్లి 'అతివైభవంగా జరిగినది' అని మంగళవారమే అచ్చు కొట్టేవాళ్లం. ఎవరూ ఏమీ అనుకునేవారు కాదు. పైపెచ్చు మర్యాదగా సహకరించేవారు. ఒకసారి హరికథ శ్రోతలను తన్మయులను చేసినదని రాస్తే, ఆ సాయంత్రం వాన పడి కథ ఆగిపోయింది. దాసుగారు "పేపర్లో పడిపోయింది కదమ్మా" అంటూ మర్నాడు మళ్లీ వచ్చి అందరినీ తన్మయులను చేసి మరీ వెళ్లాడు. ఇది అబద్ధం కాదా అని అడిగితే మామకు కోపం వచ్చేది. "జరగబోయే నిజం" అనేవాడు. ఆయన అబద్ధానికి ఎంత విరోధి అంటే, పత్రిక పేరు కిందనే 'ఇందులో అబద్ధం అచ్చయిన నాడు ఈ పత్రిక ఉండదు' అని వేసుకున్నాడు. అన్నంత పనీ చేసే మనిషి. మా అత్తతో ఏదో మాటా మాటా వచ్చి వంకాయ ముట్టనని ఒకసారి అన్నాడు. పోయేవరకూ ముట్టలేదు.

ఆ పత్రికకు సబెడిటరును నేను. యస్సెల్సీ పాసై ఇంట్లో కూర్చుని అమ్మను విసిగిస్తుంటే మామ పిలిచి ఆ ఉద్యోగం ఇచ్చాడు. వార్తలు రాయడం, తప్పులు దిద్దడం, చేతికంటిన సిరా జాకెట్టుకు తుడుచుకుని తిట్లు తినడం, శుక్రవారం నాడు పాలెంలో చదువు రానివాళ్లందరి ముందూ నిలబడి పత్రిక మొత్తం గట్టిగా చదివి వినిపించడం నా పనులు. ఆ చివరి పనికి నాకు 'పేపరు పాప' అని పేరు. ఈడొచ్చిన పిల్ల మగవాళ్ల మధ్య నిలబడి కేకలేయడం మా అమ్మకు ససేమిరా ఇష్టం లేదు. సంగంలో, ఆనకట్ట దగ్గర నిక్షేపంలాంటి కయ్యలున్న ఒక సంబంధం చూసిపెట్టి, అన్న మాట తీసెయ్యలేక నాతో ఒప్పందం చేసుకుంది. "పత్రిక నడిచినన్నాళ్లు నీ ఇష్టం. అది ఆగిన రోజు నోరు మూసుకుని పెళ్లి పీటల మీద కూర్చోవాల." సంగం మంచి ఊరే, నేను కాదనను. కానీ అక్కడ పత్రిక లేదు.

ఆ ఏడు పాలెం వాళ్లంతా కలిసి ఒక పెద్ద పడవ కట్టుకున్నారు. మా తీరంలో అంత పడవ అంతకుముందు ఎవరూ చూడలేదు. దాన్ని సముద్రంలోకి దించే ముహూర్తం శుక్రవారం పొద్దున. మామకు ఆశ పుట్టింది. "అమ్మాయ్, పడవ నీళ్లు తాకేసరికి పత్రిక అందరి చేతుల్లో ఉండాల. పట్నం పత్రికలు కూడా చెయ్యలేని పని మనం చేద్దాం" అన్నాడు. సరేనని సోమవారమే వార్త రాసేశాను. ఇప్పటికీ నాకు నోటికి వచ్చు: 'శుక్రవారం ఉదయం శుభముహూర్తమున పంచాయితీ ప్రెసిడెంటు గారు, వడ్ల మిల్లు యజమాని గారు, హెడ్మాస్టరు గారు, డాక్టరు గారు, తదితరులు తాళ్లు లాగగా నూతన నావ హంసవలె సముద్ర ప్రవేశము చేసినది.' ఆ పెద్దమనుషులు తాడు ముట్టుకుంటారని ఎవరూ అనుకోలేదు, వాళ్లూ అనుకోలేదు. కానీ వార్త రాసే పద్ధతి అది. పెద్దవాళ్ల పేర్లు ముందు, మిగిలిన ఊరంతా కలిపి చివర్లో 'తదితరులు'. పెళ్లయినా, చావయినా, చెరువు తెగినా మా పత్రికలో అదే వరస.

శుక్రవారం తెల్లవారేసరికి ఇసుక తిన్నె మీద జాతరే. పడవకు పసుపు, కుంకుమ, బంతిపూల దండలు. కింద దుంగలు పరిచారు. డప్పులు మోగుతున్నాయి. ప్రెసిడెంటు గారు ఇస్త్రీ కండువాతో గొడుగు కింద నిలబడ్డారు. మామ కొత్త పంచె కట్టి అందరికీ పత్రికలు పంచాడు. పాలెం మగవాళ్లు తాళ్లు పట్టుకుని సిద్ధంగా ఉన్నారు. వాళ్లకు పెద్ద చుక్కాని తాత. పడవ మీద చుక్కాని పట్టేది ఆయనే, పాలెంలో తీర్పు చెప్పేదీ ఆయనే. ఆయన నన్ను పిలిచాడు. "పేపరు పాపా, మా గురించి ఏం రాసినావో ఒకతూరి చదువమ్మా. ఇని లాగితే ఊపుగా ఉంటాది."

నేను గొంతు సవరించుకుని, రాగం తీసి మరీ చదివాను. చప్పట్లు కొడతారనుకున్నాను. డప్పు వాళ్లు కూడా ఆపేశారు.

"తదితరులంటే ఎవురు పాపా?" అన్నాడు తాత.

"మీరే తాతా. అంటే... మీరందరూ."

"పాలెం మొత్తానికీ కలిపి ఒకే మాటనా?" అని ఆయన తాడు మెల్లగా కింద పెట్టాడు. కోపం కూడా లేదు మొహంలో. పోయి పడవ నీడలో చతికిలబడి బీడీ వెలిగించాడు. "లాగినోళ్ల పేర్లు ఏసినారు గదా, ఆళ్లనే లాగమను. మేం కూసోని చూస్తాం." అంతే, ఒకరి తర్వాత ఒకరు తాళ్లు వదిలేసి అందరూ ఇసుకలో కూర్చున్నారు. రొయ్యలమ్ముకునే రొయ్యలక్క మాత్రం కూర్చోలేదు. నడుం మీద చెయ్యి పెట్టుకుని నా ముందుకొచ్చింది. "ఈ పడవకు చెక్క కోస్తా మా ఆయన చెయ్యి కోసుకున్నాడు. ఆయన పేరు యాడమ్మే? ఆ చేతికి కట్టు కట్టిన డాక్టరు పేరేమో ఏసినావే!" డాక్టరు గారు ఆకాశం వైపు చూశారు.

మామ తన చేతిలోని పత్రిక వైపు చూసుకున్నాడు. పడవ కదలకపోతే వార్త అబద్ధం. కట్టలు బుధవారమే వెళ్లిపోయాయి. దిగువ ఊళ్లలో ఈపాటికి చదువుతూ ఉంటారు. ఆయన పోయి ప్రెసిడెంటు గారి చేతులు పట్టుకున్నాడు. పాపం ఆ పెద్దమనుషులకు వేరే దారి లేదు, పేర్లు అచ్చయి ఊరందరి చేతుల్లోనూ ఉన్నాయి. ప్రెసిడెంటు గారు కండువా నడుముకు చుట్టారు. మిల్లు యజమాని గారు చెప్పులు విప్పి, కాళ్లు కాలి, మళ్లీ తొడుక్కున్నారు. హెడ్మాస్టరు గారు డ్రిల్లు చేయించినట్టు "ఒకటి, రెండు, మూడు" అన్నారు. మామ కూడా పట్టాడు. లాగారు. పడవ కదల్లేదు గానీ ప్రెసిడెంటు గారి పంచె కదిలింది. పాలెం పిల్లకాయలు ఇసుకలో పడి దొర్లి దొర్లి నవ్వారు. మళ్లీ లాగారు. ఈసారి మిల్లు యజమాని గారు వెల్లకిలా పడ్డారు. "దుర్ముహూర్తం వచ్చేస్తా ఉండాది" అన్నాడు పంచాంగం అయ్యవారు, సాయం పట్టకుండా.

మామ తాడు వదిలేసి దుంగ మీద కూలబడ్డాడు. "అయిపోయింది అమ్మాయ్. ఇదే ఆఖరి సంచిక" అన్నాడు. ఆడవాళ్ల గుంపులో మా అమ్మ కనిపించింది. అన్న కష్టానికి కళ్లు తుడుచుకుంటూనే ఉంది గానీ, ఆ తుడుచుకోవడంలో కూడా సంగం కయ్యల పచ్చదనం నాకు స్పష్టంగా కనిపించింది. ఆ భయమే నన్ను దుంగ మీదికి ఎక్కించింది. పత్రిక విప్పి, ముందుకంటే గట్టిగా మళ్లీ మొదలుపెట్టాను. "శుక్రవారం ఉదయం శుభముహూర్తమున చుక్కాని తాత గారు..."

మామ ఉలిక్కిపడ్డాడు. "అందులో అట్ట లేదు గదే!"

"వచ్చేవారం ఉంటాది మామా. మనం ఎప్పుడూ రాసేది జరగబోయేదే గదా!"

ఆయన లేచి నిలబడి, "చదువు. నువ్వు చదివింది చదివినట్టు అచ్చేస్తా" అన్నాడు, పాలెం అంతా వినేలా. వంకాయ సంగతి పాలెం వాళ్లకూ తెలుసు.

చుక్కాని తాత బీడీ ఆర్పి, ఇసుక దులుపుకుని, బహుమతి అందుకోవడానికి పోతున్నవాడిలా నిదానంగా నడిచివచ్చి తాడు పట్టుకున్నాడు. నేను చదువుతూ పోయాను. జెండా మామ, బొంగరం బావ, నల్లబ్బాయి, వాళ్ల తమ్ముడు తెల్లబ్బాయి. పేరు పడ్డవాడల్లా లేస్తున్నాడు, మీసం సవరించుకుంటున్నాడు, తాడు దగ్గరికి వస్తున్నాడు. రొయ్యలక్క మొగుడి పేరు చదివితే, "ఆయనదొక్కటే చాలదమ్మే, నాది కూడా ఎయ్" అని కొంగు బిగించి ఆమె కూడా వచ్చింది. దాంతో ఆడవాళ్లంతా లేచారు, పంచె సవరించుకుని ప్రెసిడెంటు గారూ మళ్లీ వచ్చి పట్టారు. నేను వేసేదేముంది, వాళ్లే చెప్పేస్తున్నారు. ఒకామె తన చంకలో పిల్లవాడి పేరు కూడా చదివించుకుని, వాడి గుప్పిట్లో తాడు పెట్టి మరీ తీసింది. పేర్లు అయిపోయాక ఇసుకలో కూర్చున్నవాళ్లు ఎవరూ మిగల్లేదు. నేను కూడా పత్రిక నడుములో దోపుకుని దుంగ దిగి తాడు పట్టుకున్నాను. తాత "ఐలసా" అన్నాడు. పడవ మూలిగింది, కదిలింది, ఒక్కసారిగా జారింది. హంసవలె అని రాశాను గానీ, ఎండాకాలం గేదె నీళ్లలోకి పడ్డట్టు పడింది. నిలువునా తడవనివాళ్లు లేరు. మామ మొలలోతు నీళ్లలో నిలబడి, ప్రెసిడెంటు గారిని కౌగిలించుకుని, చిన్నపిల్లవాడిలా ఏడుస్తూ నవ్వాడు.

వచ్చేవారం సంచికంతా పేర్లే. వడ్ల ధరలు లేవు, ప్రెసిడెంటు గారి ఉపన్యాసం లేదు. పడవ కదిలినసారి తాడు పట్టుకున్న వరసలో వేశాం గనక ప్రెసిడెంటు గారు రొయ్యలక్క తర్వాత వచ్చారు. ఆయన కబురు పెడితే, మామ "నిజం ఆ వరసలో ఉందండీ" అని జవాబు పంపాడు. పాలెంలో చదవడానికి నిలబడితే ఒక్కొక్క పేరుకూ కేకలూ ఈలలూ. తమ పేరు ఎక్కడుందో చూపించమని అడిగి, దాని మీద వేలు పెట్టుకుని చాలాసేపు అలాగే ఉండేవాళ్లు. నవ్వొచ్చేది నాకు. ఆ పత్రిక ఇంకా కొన్నేళ్లు బాగానే నడిచింది. తర్వాత రోడ్డు పడి, బస్సులో నెల్లూరు నుంచి ఏ రోజు పేపరు ఆ రోజే రావడం మొదలయ్యాక, మామే ఒకరోజు మిషనుకు దండం పెట్టి గోనెపట్టా కప్పేశాడు. అబద్ధమంటూ అచ్చు కాకుండానే ఆగిపోయిందని ఆయనకు తృప్తి. ఆ తర్వాత నేను సంగం కోడలినయ్యాను. కయ్యలు నిజంగానే బాగుండేవి.

అంతమంది పేర్లు నేనే రాశానా, నేనే దిద్దానా, ఒక్క పేరు మాత్రం నేను రాయలేదు. పత్రిక అచ్చయి వచ్చాక, ఆఖరి వరసలో కనిపించింది. మామ తన చేత్తో అక్షరాలు పేర్చి, నాకు చెప్పకుండా చేర్చాడు. అన్నాళ్లూ ఊరందరి పేర్లూ రాసిన దాన్ని, అచ్చులో నా పేరు చూసుకోవడం అదే మొదలు. ఇంటికి పరిగెత్తి అమ్మకు చూపించాను. అమ్మకు చదువు రాదు. "యాడ?" అంది. చూపించాను. తడి చెయ్యి కొంగుకు తుడుచుకుని, నా పేరు మీద వేలు పెట్టింది. ఎంతసేపటికీ తియ్యలేదు. "సంగమోళ్లకు ఇప్పుడే కుదరదని చెప్తాలే" అంది. నేను కూడా వేలు పెట్టి చూసుకోవాలని ఎంత తొందరగా ఉన్నా, ఆ పూట నా వంతు రానేలేదు.