తులుగ బరువు

"...లాగడం ఎప్పుడో మానేసింది, తాడు ఊరికే వేలాడుతుంటుంది, నువ్వేమో చేప తలలన్నీ దానికే!" అంటోంది రస్మీనె.

"వేలాడదు. దారి ఆలోచిస్తుంటుంది," అన్నాడు ఆమె మొగుడు పావియా.

తులుగ అతని మంచుబండిని లాగే కుక్కల్లో అన్నిటికీ ముందుండి దారి చూపే ముసలి కుక్క. గ్రీన్‌లాండ్‌లో వాళ్ళ ఊళ్ళో లాగలేని కుక్కకు మిగిలేది ఒక తూటా. మంచు కరిగేలోగా ఆ పని కానిమ్మని రస్మీనె పోరు. పావియా మాత్రం తన టీ చల్లారిపోయినా సరే, ముందు దాని వేళ్ళ సందుల్లో గడ్డకట్టిన మంచును పెదాలతో కరిగిస్తాడు. దాన్ని ఈల వేసి పిలుస్తాడు. మిగతా పది కుక్కలకూ అరుపే.

ఆ ఉదయం ఇద్దరూ చేపలకు బయలుదేరారు. గడ్డకట్టిన సముద్రం మీద కుక్కలు అటూ ఇటూ దాటుకుంటూ పరుగెత్తేసరికి తాళ్ళన్నీ జడలా అల్లుకుపోయాయి. విడదీద్దామని పావియా బండి కొక్కెం నుంచి తాళ్ళు తప్పించాడు. చేతికి చుట్టుకోవడం మరిచాడు. దూరాన మంచు కన్నంలోంచి సీల్ జంతువు తల కనబడిందో లేదో, బండినీ మొగుడూపెళ్ళాలనూ వదిలేసి కుక్కలన్నీ లగెత్తాయి. తులుగ ఒక్కసారి వెనక్కి చూసి, మంచు మీద చతికిలబడింది. జడలో దాని తాడూ ఉంది కదా, మిగతావి కాసేపు దాన్నే బండిలా ఈడ్చి, ఈడ్చలేక ఒకదాని మీదొకటి పడి ఆగిపోయాయి. పావియా జారి, పడి, లేచి, వాటిని అందుకుని, తులుగను కావలించుకుని పగలబడి నవ్వాడు. వెనకే వచ్చిన రస్మీనెకు నవ్వీ నవ్వీ వెక్కిళ్ళొచ్చాయి.

"చూశావా దాని బలం?"

"బలమెక్కడిది పిచ్చోడా, కూర్చుంది!" ఆమె కళ్ళు తుడుచుకుంది. "సరే, ఇక నుంచి అది బండి మీద నా పక్కన కూర్చుంటుంది. నువ్వు పరుగెత్తు."