అరివేణి కుండలు, మోటారు సారె

1986 వేసవి. పిడుగురాళ్ల దగ్గర ఒక ఊళ్లో మాది కుమ్మరి ఇల్లు. మిరప కల్లాలకు నీళ్ల కుండలు, పెళ్లిళ్లకు అరివేణి కుండలు మా వాకిట్లోంచే వెళ్లేవి. నేను చదివింది మూడో తరగతి. మట్టి గురించైతే ఇంకొంచెం ఎక్కువే తెలుసు.

ఆ ముందటేడు మా ఆయన కోటయ్యకు గుండెనొప్పి వచ్చింది. ఇక సారె తిప్పితే ప్రాణానికే ముప్పని గుంటూరు డాక్టరుగారు చెప్పారు. సారె అంటే కుండలు చేసే చక్రం. బరువైనది. వంగి, కర్రతో విసురుగా తిప్పాలి. వేగం తగ్గితే మళ్లీ తిప్పాలి. అందుకని మోటారు సారె పెట్టాం. చక్రాన్ని బెల్టు తిప్పుతుంది, అంతే. మట్టిని పైకి లాగేదీ, మెడ తీర్చేదీ ఆయన వేళ్లే. పైగా సారె మీంచి దిగేది అడుగు లేని కుండ. లోపల రాయి ఆనించి, బయట చెక్కతో కొట్టి, అడుగు మూసి కడుపు గుండ్రం చేసేదాన్ని నేను. మోటారు ఆడినంతసేపూ ఇంట్లో బల్బు ఆపేసేదాన్ని. కరెంటు ఊరికే వస్తుందా?

వైశాఖంలో పెద్ద రైతు ఇంటి చిట్టెమ్మగారు మనవరాలి పెళ్లికి కుండలు చెప్పడానికి వచ్చింది. పెళ్లివాళ్లు మేళంతో వచ్చి, ముందు సారెకు పసుపు కుంకుమ పెట్టి, ఆ తరువాతే కుండలు ఎత్తుకుంటారు. ఆవిడ వైరు చూసి ఆగిపోయింది.

"ఏం కోటయ్యా, ఈ పిండిమరకా మేం బొట్టు పెట్టాల్సింది?"

"తిప్పేదే మోటారమ్మా. చేసేది నా చెయ్యే."

"మిషను కుండలు కల్లంలోకి సరే. పెళ్లికి చేత్తో చేసినవే కావాలి. నీ వల్ల కాదంటే చెప్పు, పక్కూరు పోతాం."

నాకు ఒళ్లు మండింది. "ట్రాక్టరు దున్నిన చేలో పండింది మీ పంట కాదా అమ్మగారూ?"

"నోరు బాగానే ఉందే నీకు!" అని నవ్వింది గానీ మాట మార్చలేదు.

మా ఆయన తల వంచుకుని, "పాత సారె మీదే చేసిస్తానమ్మా" అన్నాడు.

మర్నాడు గోడకు ఆనించిన పాత సారెను దించి కడిగాడు.

"ఏవయ్యా, డాక్టరు మాట చెవికెక్కలేదా?"

"వాళ్లింటి పెళ్లిళ్లన్నిటికీ మా తాత, మా అయ్య ఇచ్చారే. నా దగ్గర ఆగిపోతే నేనేం కుమ్మరినే? మట్టి తే."

ఆడది సారె తిప్పకూడదని మాలో కట్టుబాటు. లేకుంటే నేనే తిప్పేదాన్ని.

కుండలు కాలి, ఆము దించేదాకా బాగానే ఉన్నాడు. మేళం వచ్చింది. సారెకు పసుపు రాశారు. కుండలు ఎత్తుకుపోయారు. మేళం వీధి మలుపు తిరగకముందే ఆయన సారె పక్కన కూలబడ్డాడు. మళ్లీ లేవలేదు.

చావుకీ కుండ కావాలి. ఇంట్లో మిగిలినవన్నీ మోటారు మీద చేసినవే.

"వదినా, ఇవి పనికొస్తాయంటావా?" అని మా మరిది నసిగాడు.

ఒక కుండ తీసి మెడ లోపల తడిమాను. ఆయన ఎడమ బొటనవేలి గోరు చిన్నప్పుడే చీలిపోయింది. ఏ కుండ చేసినా మెడ లోపల జంట గీత పడేది. నా చెక్కదెబ్బలు కడుపుకే గానీ మెడకు తగలవు గనక అది చెరిగేది కాదు. వేలికి తగిలింది.

"మీ అన్న చేత్తో చేసిందేరా. తీసుకుపో" అన్నాను.

చేతి కుండా, మిషను కుండా అని అడిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. నేను వాదించను. లోపల చెయ్యి పెట్టి చూడమంటాను. పెళ్లివాళ్లు ఎత్తుకుపోయిన కుండల్లోనూ, ఆయనతో వెళ్లి పగిలిన కుండలోనూ ఉన్నది ఒకటే గీత.