గేటు ఎత్తు ఎంత?

పోయిన వారం మా మేనకోడలు ఫోన్లో ఒక ఫారం తెరిచి నా ముందు పెట్టింది. అల్సేషన్ కుక్కపిల్ల కావాలంటే అది నింపాలట. పగలు ఇంట్లో ఎవరుంటారు, మెట్లు ఎన్ని, గేటు ఎత్తు ఎంత. "చూడత్తా, కుక్కనిస్తున్నారా, పిల్లనిస్తున్నారా?" అని నవ్వింది. నేను టేపు తెచ్చి గేటు కొలిచాను. ఐదడుగుల రెండంగుళాలు. నాయన కట్టించిన గేటే అది. ముప్ఫై ఏళ్ళ కిందటే కొలిచి ఉండవలసింది.

అప్పటిదాకా తెల్లవాళ్ళకే ఓటున్న మా దేశంలో అందరం మొదటిసారి ఓటు వేయబోతున్న ఏడాది అది. సిడెన్‌హామ్‌లో మా వీధి వీధంతా ఏవో గొడవలు జరుగుతాయని కొవ్వొత్తులూ బీన్స్ డబ్బాలూ కొని దాచింది. ఏమీ జరగలేదు; ఆ బీన్స్ చలికాలమంతా తిన్నాం. నాయన డబ్బాలతో ఆగక, కాపలాకు అల్సేషన్ కూడా కావాలన్నాడు. నేనప్పుడు లైబ్రరీలో పనిచేసేదాన్ని. కుక్కల పుస్తకం ఒకటి తెచ్చి చదివాను. ఆ జాతికి తుంటి కీళ్ళు చెడే జబ్బు తల్లిదండ్రుల నుంచి వస్తుందనీ, వాటి ఎక్స్-రేలు చూడకుండా పిల్లను తీసుకోవద్దనీ అందులో ఉంది.

అలా పద్ధతిగా పెంచే తెల్లావిడ ఒకామె ఊరికి ఎగువన కొండల్లో ఉందని తెలిసి నాయనా నేనూ వెళ్ళాం. ఆవిడ అడక్కుండానే ఎక్స్-రేలు బల్ల మీద పరిచింది. తల్లికుక్కను పిలిచి మా ముందు అటూ ఇటూ నడిపించింది. తర్వాత నోటుపుస్తకం తీసి మమ్మల్ని అడగడం మొదలుపెట్టింది. ఇల్లు సొంతమా? ఎంతమంది ఉంటారు? గేటు ఎత్తు ఎంత? పిల్లలు పుట్టడానికి ఇంకా సమయం ఉంది, ఈలోగా వచ్చి మీ ఇల్లు చూస్తానంది. నాయన టోపీ తీసుకుని లేచాడు. ఆయన చిన్నప్పుడు ఇలాగే ఒక ప్రభుత్వ ఉద్యోగి నోటుపుస్తకంతో వచ్చి గదులు లెక్కపెట్టి వెళ్ళాడు. ఆ తర్వాత అది తెల్లవాళ్ళ వీధి అని చెప్పి మా తాతవాళ్ళను ఖాళీ చేయించారు. ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడే నాయనకు కోపమొస్తే తెలుగు వచ్చేది. "ఏటమ్మా, నా గేటు కొలవడానికి ఆవిడెవరు? సాలింక," అన్నాడు కారులో. నాకూ ఒళ్ళు మండింది. ఆవిడ కుక్క కోసమే అడిగిందని తెలుసు. అయినా మండింది.

మౌంట్ ఎడ్జ్‌కోంబ్‌లో మాకు ఓడ మామ ఉండేవాడు. రక్తసంబంధం లేదు. ఆయన తాతా మా ముత్తాతా చెరకు తోటల పనికి ఈ దేశానికి ఒకే ఓడలో వచ్చారు, అంతే. ఆ చుట్టరికం మీద అరటిగెల నుంచి ఉద్యోగం దాకా ఏదైనా అడగొచ్చు. అనుమానంగా మాత్రం ఏదీ అడక్కూడదు. ఆయన పెరట్లో అల్సేషన్లను పెంచేవాడు. "నీకు లేని కుక్కా బావా! ఆ నడుం చూడు, సింహం!" అంటూ ఒక పిల్లను నాయన చేతుల్లో పెట్టాడు. తల్లికుక్క షెడ్డులో పడుకుని ఉంది. మేమున్నంతసేపూ లేవలేదు. ఒకసారి దాన్ని లేపు మామా, అన్న మాట నా నోటి దాకా వచ్చింది. పెళ్ళి సంబంధానికైతే ఏడు తరాలు తవ్వే మనుషులం. ఈలోగా అత్త టీ, మురుకులు తెచ్చింది. మురుకు తిన్నాను.

ఆ పిల్లకు రాజా అని పేరు పెట్టాం. నడుం ఊపుతూ నడిచేవాడు. అది అందమనుకున్నాం. ఏడాది తిరిగేసరికి వాకిట్లో ఉన్న మూడు మెట్లు ఎక్కలేక, కింద నిలబడి మా వైపు చూసేవాడు. ఎక్స్-రే తీసిన డాక్టరు, "వీడి తల్లిదండ్రులవి చూశారా?" అని అడిగాడు. చనిపోయిన అమ్మ చీర ఒకటి మడిచి, నాయన దాన్ని రాజా పొట్ట కింద వేసి వెనక భాగం ఎత్తిపట్టుకునేవాడు. ఇద్దరూ అలాగే రోజుకు నాలుగుసార్లు మెట్లు దిగేవారు, ఎక్కేవారు. మూడో ఏడు ఒక ఉదయం, రాజా బాధ సూదితో ముగించడానికి నాయన డాక్టర్ని ఇంటికే పిలిపించాడు. అంతా అయిపోయాక చీర ఉతికి ఆరేస్తూ, "అమ్మీ, ఆ తెల్లావిడ మనింటికొచ్చుంటే టీ ఇచ్చేవోళ్ళం గదే," అన్నాడు. ఆరోజు ఆయన కోపం లేకుండానే తెలుగు మాట్లాడాడు.

ఓడ మామకు ఈ సంగతి ఎన్నడూ చెప్పలేదు. ఆ తల్లి ఇంకెన్ని ఈతలు ఈనిందో, ఎన్ని ఇళ్ళ మెట్ల కింద ఎన్ని కుక్కలు నిలబడ్డాయో నాకు తెలియదు. నాయన పోయి ఈ నెలకు ఏడాది. మేనకోడలు ఫారం చివర్న, ఇల్లు చూడటానికి రావచ్చా అన్న ప్రశ్న దగ్గర ఆగి నా వైపు చూసింది. రమ్మని రాయమన్నాను. మా దేశంలో కాలం ఒక్క ఓటుతో మారిందంటారు. మా గేటు లోపల మారడానికి దానికి ఒక కుక్క ఆయుష్షు పట్టింది.