తెల్లచీర కట్టుకున్న ఆదివారం

పొద్దున మబ్బు పట్టింది, చినుకు పడలేదు. శనగ కోస్తుండగా ఫోను వచ్చింది. మా చిన్నమ్మ, అమ్మకు చెల్లెలు, తెల్లవారుజామున పోయిందని. కోసినంత వరకు కుప్ప వేసి బయలుదేరాను.

ముప్పై ఏళ్లు ఆమె డోన్ దగ్గర నాపరాళ్ల గనిలో బండలు మోసింది. నేను అక్కడే లారీలకు చీటీలు రాసేవాణ్ణి. ఎత్తే ముందు ప్రతి బండనూ వేళ్లతో కొట్టి వినేది. "పలికే బండ పగలదప్పా. పలకనిదాన్ని నెత్తిన పెట్టుకోవద్దు," అనేది.

ఒకసారి ఉత్తరాది నుంచి కెమెరాతో ఒకాయన వచ్చాడు. ఆయనకు తెలుగు రాదు, నాకు కొంచెం హిందీ వచ్చు. వరుసగా నిలబెట్టిన బండలు, వాటి నీడలు ఆయనకు నచ్చాయి. వాటి మధ్య బండ మోస్తూ పోయే చిన్నమ్మను ఫొటో తీస్తానన్నాడు.

"ఈ దుమ్ము మొగంతో వద్దులేప్పా. ఆదివారం రమ్మను. చర్చికి కట్టే తెల్లచీర కట్టుకుని ఎదురుగా నిలబడతా," అంది.

నేను ఆయనతో, తీసుకోమంటోంది అని చెప్పాను. వద్దందంటే వేరే గనికి పోతాడేమో, ఆయన పక్కన నడిచే గొప్ప నాకు పోతుందేమో అనుకున్నాను. చిన్నమ్మతో, "ఆదివారం వస్తాడంట. ఇప్పుడు ఊరికే గనిని ఫొటో తీసుకుంటాండాడు," అన్నాను. ఆయన ఆ సాయంత్రమే రైలెక్కాడు.

ఆదివారం ఆరాధన అయ్యాక ఆమె గని దగ్గరికి వచ్చింది. తలకు నూనె, తెల్లచీర. నేను చీటీల గదిలోంచి చూస్తూ కూర్చున్నాను. బయటికి రాలేదు. మరునాడు అడిగితే ఆయనకు జ్వరమని చెప్పాను.

ఏళ్ల తర్వాత హైదరాబాదుకు ఆసుపత్రి పని మీద పోయి, పొద్దుపోక టికెట్టు కొని ఒక మ్యూజియంలోకి వెళితే గోడ మీద ఆ ఫొటో ఉంది. నలుపు తెలుపు. బండల గీతల మధ్య చిన్నమ్మ వీపు. నిజంగా బాగుంది. ఫోనులో తీసుకొచ్చి ఆమెకు చూపించాను.

"నా వీపు చూసేదానికి టికెట్టా?" అని నవ్వింది. మళ్లీ చూసి, "మొగం యాడుండాది? ఆదివారమని ఆయప్పకు చెప్తివి కదా నువ్వు?"

"చెప్పినా చిన్నమ్మా."

నేను చేరేసరికి, శవపేటిక పక్కన పెట్టడానికి ఆమె ముఖం ఉన్న ఫొటో ఇంట్లో ఒక్కటీ లేదు. ఆధార్ కార్డులోదాన్ని పెద్దది చేయించారు. కళ్లేవో నోరేదో తెలియలేదు.

మూడో రోజు ప్రార్థన అయ్యాక ఆమె కూతురికి ఇదంతా చెప్పాను. సంచి సర్దుకుంటూ విన్నది.

"ఎంతసేపు నిలబడిందన్నా?"

"మధ్యాహ్నం దాకా."

సంచి భుజాన వేసుకుంది. నాలుగు గంటల కడప బస్సుకు వెళ్లిపోయింది.