నాకు చెప్పని జబ్బు

చోడవరంలో మా చిన్న క్రైస్తవ సంఘానికి పెద్దలం ఇద్దరమే ఉండేవాళ్లం, నేనూ, మా బావా. చుట్టరికమేమీ లేదు. ఉద్యోగాల రోజుల నుంచి అలా పిలుచుకోవడం అలవాటైంది. రిటైరయ్యాక ప్రతి గురువారం మధ్యాహ్నం అతని స్కూటరు మీద జబ్బుపడ్డవారి ఇళ్లకు వెళ్లి ప్రార్థన చేసి వచ్చేవాళ్లం.

నాకొక పద్ధతి ఉంది. మంచం పక్కన కుర్చీ వేసుకుని, డాక్టరు ఏమన్నాడో, ఎన్నాళ్లన్నాడో అడుగుతాను. ఎవరితో మాటలు లేవో, పొలం కాగితాలు ఎవరి పేర ఉన్నాయో కూడా అడుగుతాను. మనిషి బతుకు ఆవిరిలాంటిది, ఉన్న కాసింత కాలం ప్రభువు ముందు నిలబడడానికి సిద్ధపడాలని నా నమ్మకం. బావ మాత్రం మంచం చివర కూర్చుని, రోగి పాదాలు నొక్కుతూ, చెరకు ఎలా పెరిగిందని అడిగేవాడు.

పోయిన వర్షాకాలంలో అతను రావడం మానేశాడు. మోకాళ్ల నొప్పులన్నాడు. నేను ఒక్కణ్ణే ఆటోలో తిరిగాను. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక అందరి ముందూ అన్నాను.

"ఏటి బావా, మంచం మీంచే సేవ సేస్తన్నావా?"

"నువ్వెల్తన్నావు కదా. నా అటెండెన్సు కూడా నువ్వే ఏసీయ్," అన్నాడు. అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

క్రిస్మస్ రాకముందే పోయాడు. కేన్సరని పాస్టరు గారు సమాధి దగ్గర చెప్పారు. వానలు మొదలైనప్పటి నుంచీ పాస్టరు గారికి తెలుసట. బావ భార్యకు తెలుసు. వడ్డాదిలో ఉన్న అతని తమ్ముడికీ తెలుసు. నాకు మాత్రం గుప్పిట్లో మట్టి పట్టుకుని నిలబడ్డప్పుడు తెలిసింది.

కొన్నాళ్లాగి వాళ్లింటికి వెళ్లాను.

"నాకెందుకు సెప్పలేదమ్మా?"

ఆవిడ టీ గ్లాసు నా ముందు పెట్టింది.

"సెప్పొద్దన్నారు అన్నయ్యా. బావకి తెలిస్తే కుర్సీ ఏసుకు కూకుంటాడు, నేను బతికుండగానే నా సావు సర్దీస్తాడు అన్నారు."

"నేనంత సెడ్డోణ్ణా?"

"సెడ్డోరని ఎవలన్నారు? ఆరికి తమ్ముడి కాడ కూకోవాలనిపించింది. ఎన్నేళ్లుగానో మాటల్లేవు కదా. గురువారం గురువారం వడ్డాది ఎల్లిపోయేవోరు. వానలు తగ్గాక బెల్లం వండుతుంటే పెనం కాడ కూకుని, ఏడి బెల్లం తినీసి వచ్చేవోరు."

"ఎల్లలేని గురువారాలో?"

ఆవిడ వీధి తలుపు వైపు చూసింది.

"మీ ఆటో ఈదిలోకొస్తే తలుపేసీమనేవోరు."

తమ్ముడితో రాజీ పడమని నేనే చెప్పి ఉండేవాణ్ణి. అతను అది చేశాడు, ఉన్న రోజుల్ని చక్కగా వాడుకున్నాడు. వాటిలో నాకు చోటివ్వలేదు. నాకు తెలిసి ఉంటే కుర్చీ వేసుకునేవాణ్ణి కాదు, అతని పక్కన ఊరికే కూర్చునేవాణ్ణి అనుకుంటాను. అతను ఆ మాట నమ్మలేదు. జబ్బు దాచినందుకు కాదు, నన్ను నమ్మనందుకే నా కోపం.

పొద్దు గుంకేలోగా కోపం విడిచిపెట్టాలని ఎంతమందికి చెప్పానో. ఇప్పుడు రోజూ సాయంత్రం మోకరిస్తాను. అతని పేరు పైకి అనగలుగుతున్నాను. క్షమించానన్న మాట ఇంకా రావడం లేదు. నాకూ సాయంత్రాలు ఎక్కువ మిగిలి లేవు. రేపు మళ్లీ మోకరిస్తాను.