కాంటన్‌లో ఏ వాడలో దిగాలి

నలభై ఎనిమిది ఎండాకాలంలో సూర్యాపేటలో మా సంఘమంతా ప్రార్థన గుడి మట్టినేల మీద కూర్చుని, మాలో ఎవరూ చూడని ఒక చైనా నగరంలో ఏ వాడలో దిగాలా అని వాదించుకుంది. ఆ నగరం పేరు కాంటన్. అక్కడి ఆసుపత్రిలో నా భర్త నెత్తురు కక్కుతూ పడి ఉన్నాడు.

లడాయిలో ఆయన ఫౌజు ఆసుపత్రిలో పనిచేశాడు. జపానువాళ్లు ఓడిపోయాక ఆయన పటాలాన్ని హాంగ్‌కాంగ్ తీసుకెళ్లారు. పని అయిపోయింది, ఇళ్లకు పొమ్మన్నప్పుడు అందరితోపాటు ఆయన రాలేదు. కాంటన్‌లో ఒక గిడ్డంగికి కావలి పని దొరికిందనీ, ఒక్క యేడాది చేసి వస్తాననీ కబురు పంపాడు. ఆ యేడాది గడిచింది. ఆ తర్వాత ఏ కబురూ లేదు. ప్రతి ఆదివారం సంఘం ఆయన పేరు చెప్పి ప్రార్థన చేసేది. నేను ఆమేన్ అనేదాన్ని.

అప్పుడు కోదాడ నుంచి, ఆయన పటాలంలో పనిచేసి ఆయనలాగే అక్కడ ఆగిపోయిన ఒకతను బస్సు దిగి మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. నేను చెంబుతో నీళ్లు తెస్తే తీసుకోలేదు.

"నీళ్లు తర్వాత తాగుతా వదినా, ముందు కూర్చో," అన్నాడు. "అన్నకు ఊపిరితిత్తులు పాడైనయ్. నేను ఓడెక్కే ముందు చూసొచ్చాను. మనిషి సగమైపోయాడు."

"బతుకుతడా?" అని మా మామ అడిగాడు.

"ఇంటికి తీసుకుపోతే బతుకుతాడనే అంటున్నారు బాబాయ్ డాక్టర్లు. కానీ ఒంటరిగా ఓడెక్కించరంట. మనిషి తోడు రావాలి. ఇంకోటి, ఆ ఆసుపత్రిలో మందిస్తారు గానీ కూడు పెట్టరు. ఎవరి ఇంటివాళ్లు వాళ్లకు వండి తేవాలి. అన్నకు ఎవరున్నారు? పక్క మంచం వాళ్లు తినగా మిగిలింది పెడితే తింటున్నాడు."

మా మిషను దవాఖానాలోనూ అంతే. రోగి లోపల ఉంటే ఇంటివాళ్లు బయట మూడు రాళ్లు పెట్టి గంజి కాచేవాళ్లు. ఎవరూ లేని రోగి ఆ పొయ్యిల వైపు ఎలా చూస్తాడో నేను చూశాను.

మా మామ ఉపదేశి. చివ్వెంల చుట్టుపక్కల పల్లెలకు నడిచివెళ్లి వాక్యం చెప్పేవాడు. కొడుకును తేవడానికి తాను పోతానన్నాడు. వండిపెట్టడానికి నేను పోతానన్నాను. దారి ఖర్చుకు సంఘం, మిషను కలిసి పూచీ పడ్డాయి. బెజవాడ చేరితే కలకత్తా రైలు, అక్కడినుంచి ఓడ. కాగితాల సంగతి మిస్సమ్మ చూసుకుంటానంది.

మిస్సమ్మ మా దవాఖానా నడిపే తెల్లామె. సూర్యాపేటకు రాకముందు ఆమె చాలా యేళ్లు కాంటన్‌లోనే నర్సుగా పనిచేసింది. జపానువాళ్లు ఆ నగరాన్ని పట్టుకున్నాక ఇటు వచ్చింది. ఇంత పెద్ద లోకంలో ఆ ఒక్క నగరపు సందులు తెలిసిన మనిషిని దేవుడు ముందే తెచ్చి మా వాకిట్లో పెట్టాడు గదా, ఇగ నా భర్త ఇంటికి వచ్చినట్టే అని నేను నమ్మాను. గట్టిగా నమ్మాను.

ఆదివారం ఆరాధన అయ్యాక మిస్సమ్మ కర్రపుల్ల తీసుకుని నేల మీద గీత గీసింది. అందరం చుట్టూ కూర్చున్నాం. ఆమె తెలుగు పుస్తకంలోంచి నేర్చుకున్న తెలుగు.

"ఇది నది. ఇక్కడ చిన్న దీవి ఉన్నది. విదేశీయులు నివసించెదరు. శుభ్రమైన స్థలము, చెట్లు ఉన్నవి. అయితే వంతెన దాటవలెను. సాయంకాలము ద్వారము మూసెదరు." పుల్లను కుడివైపు జరిపింది. "ఇది తూర్పు దిక్కు. ఇక్కడ సంఘమువారి అతిథి గృహము ఉన్నది. మీరు ఇక్కడ దిగుట మంచిది. నెమ్మది గల చోటు. అయితే ఆసుపత్రికి దూరము."

"ఆసుపత్రి యాడుందమ్మా?" అని అడిగాను.

"ఇదిగో, పడమటి పాత బస్తీ ప్రక్కన. ఆ బస్తీలో మాత్రము వద్దు. ఇరుకు సందులు, చెమ్మ, మురుగు. యుద్ధములో ఎన్ని ఇండ్లు కూలినవో నేను ఎరుగను."

"అక్కడ పొయ్యి పెట్టుకోనిస్తరా?"

"ప్రతి ఇంటిలోను పొయ్యి ఉన్నది."

"అయితే ఇగ గాడికే పోదాం," అన్నాను. నాకు వాడ అంటే ఆసుపత్రికీ పొయ్యికీ మధ్య ఉన్న దూరమే. గంజి చల్లారకముందే ఆయన మంచం దగ్గరికి చేరాలి, అంతే.

మా సంఘంలో ఒక ముసలమ్మ ఉండేది. ఆమె నోటికి పాదిరిగారు కూడా జడిసేవారు. "వాళ్లు కప్పల్ని తింటరంట గదనే, పక్కింట్ల ఉండి వాసన ఎట్ల ఓర్చుకుంటవ్?" అన్నది నాతో.

"మనం తినేది సూసి ఊళ్లోళ్లు ముక్కు మూసుకుంటలేరా అత్తా? ఇగ నువ్వు వాళ్లను సూసి మూసుకో," అని వెనకనుంచి ఎవరో అంటే గుడి అంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ ఎండాకాలంలో అదే ఆఖరి నవ్వు.

మామ నవ్వలేదు. నేల మీది గీతల్ని వంగి చూస్తున్నాడు. చాలాసేపు చూసి, "అమ్మా, మన వాడ ఎటు దిక్కు?" అని అడిగాడు.

మిస్సమ్మకు అర్థం కాలేదు. తూర్పు దిక్కు మీద మళ్లీ పుల్ల పెట్టింది.

"అది సంఘమోళ్లది. మన వాడ, అమ్మా. మాలాంటోళ్లు ఉండేది. ఊరన్నంక ఉంటది గదా, గాలి వాలుకు, ఊరి బయట."

"అక్కడ అట్టి వాడ లేదు."

మామ చాలా మర్యాదగా, "మీరు తెల్లోళ్లు. మీకు చూపించి ఉండరు," అన్నాడు.

మాది తోలు పని చేసే కులం. మామ యౌవనంలో రక్షణ పొందాడు, చదువు నేర్చాడు, దేవుడి ముందు మనుషులంతా ఒక్కటేనని ఊరూరా చెప్పాడు. ఆ మాట ఆయన ఉత్త నోటితో చెప్పేది కాదు, నరనరానా నమ్మేవాడు. కానీ ఆయన తండ్రి తెలియని ఊళ్లో వానకు తెలియని ఇంటి అరుగు ఎక్కినందుకు దెబ్బలు తిని, ఆ దెబ్బలతోనే పోయాడు. అందుకే మామ ఎంత దూరం వాక్యానికి పోయినా ముందు మన వాడ ఏదో కనుక్కోకుండా ఊళ్లో కాలు పెట్టేవాడు కాదు. ఆ ఒక్కటి తెలియకుండా సముద్రాలు దాటి కొడుకు దగ్గరికి పోవడం ఆయన వల్ల కాలేదు.

నేను బతిమాలాను. "మామా, ఆసుపత్రి గోడకు ఒరిగి కూసుంటం. లేకపోతే ఏదన్న చెట్టు కింద ఉంటం. పోదాం పా."

"చెట్టు గూడ ఎవరిదో ఒకరిది ఉంటది బిడ్డా."

"అక్కడ ఆయన ఎంగిలి తింటుండు మామా!"

ఆయన కళ్లు తుడుచుకుని, "దేవుడు చూపిస్తడు. చూపించకుండ తీస్కపోడు," అన్నాడు. సంఘం ఉపవాస ప్రార్థన పెట్టింది. కొందరు దీవి అన్నారు, అక్కడ తెల్లవాళ్లుంటారు గనక కొట్టరని. పెద్దలు తూర్పు అన్నారు. నేను మోకాళ్ల మీద ఒక్కటే అడిగాను, ప్రభువా, నడువు అని మా మామకు ఒక్క మాట చెప్పు అని. పొద్దున అడిగాను, పొలంలో అడిగాను, వడ్లు దంచుతూ అడిగాను. అటు కోదాడ రోడ్డు మీద బస్సులు తగ్గుతున్నాయి. పల్లెలు కాలుతున్నాయని చెప్పుకుంటున్నారు. ఇటు నిజాం పోలీసులు, అటు యూనియన్ పోలీసులు సరిహద్దు బిగిస్తున్నారని వింటూనే ఉన్నాం. మేము మాత్రం నేల మీది నదికి ఏ ఒడ్డున దిగాలా అని చూస్తున్నాం.

చివరికి ఒక ఆదివారం, మామ అదే ప్రశ్న మళ్లీ అడిగితే, మిస్సమ్మ విసిగి, "పడమటి బస్తీలో ఆసుపత్రి గోడ వెనుక తోలు చెప్పులు కుట్టువారి సందు ఒకటి ఉన్నది. అంతకంటె నేను ఎరుగను," అంది.

మామ లేచి నిలబడ్డాడు. "తోలు పనోళ్లా? ఇన్నొద్దులు చెప్పరేందమ్మా!"

"వారు అంటరానివారు కారు."

"గది వాళ్లకు తెల్వకపోవచ్చు. తోలు వాసన ఎరిగినోడు మనల్ని తరమడు." అని సంఘం వైపు తిరిగాడు. బైబిల్లో ప్రభువు శిష్యుడైన అపొస్తలుడు సముద్రపు ఒడ్డున తోలు పనివాడి ఇంట్లోనే చాలా రోజులు దిగలేదా, దేవుడు ఆయనకు దర్శనమిచ్చింది ఆ ఇంటి మిద్దె మీద కాదా అని అడిగాడు. ముసలమ్మ అందరికంటే ముందు స్తోత్రం అని అరిచింది. నేను ఏడ్చాను. దేవుడు నా మాట విన్నాడనే అనుకున్నాను.

మిస్సమ్మ ఆ నగరంలో తనకు తెలిసిన నర్సుకు తంతి ఇచ్చింది. ఆ సందులో ఒక విధవరాలి ఇంట్లో మేడగది ఖాళీగా ఉందనీ, వచ్చేవాళ్ల కోసం ఉంచుతుందనీ జవాబు వచ్చింది. జవాబు వచ్చేసరికి వానలు మొదలయ్యాయి.

మేము కోదాడ చేరేసరికి దారి మూసేశారు. మా కబురు తెచ్చిన అతనే మమ్మల్ని సరిహద్దు కాడి పోలీసు నాకా దాకా తీసుకెళ్లాడు. తుపాకీ పట్టుకున్న జవాను మామను, "ఏడికి పోతున్నవ్ బుడ్డా?" అని అడిగాడు.

"చైనాకు అయ్యా. కొడుకు బీమారున్నడు."

జవాను పక్కవాణ్ని పిలిచాడు. "సునో, యే బుడ్డా చీన్ జా రహా." ఇద్దరూ పడీపడీ నవ్వారు. మామ వాళ్ల ముందు చేతులు జోడించి నిలబడ్డాడు, నవ్వు అయిపోతే వదులుతారేమోనని. వదల్లేదు.

"మిర్యాలగూడ మీదుగా పోండి బాబాయ్," అన్నాడు మా వెంట వచ్చినతను. "వాడపల్లి కాడ పుట్టి ఎక్కితే కృష్ణ అవతలి గట్టు గుంటూరు జిల్లానే."

మిర్యాలగూడలో ఒక విశ్వాసుల ఇంటి వసారాలో దిగాం. ఏటికి వరద వచ్చింది. పుట్లు ఒడ్డుకు లాగేశారని, ఉన్నవాటిని పోలీసులు పట్టుకుపోయారని చెప్పారు. రోజూ పొద్దున్నే మామ నది వైపునుంచి వచ్చే బండ్లవాళ్లను ఆపి, నీళ్లు తగ్గినయా అని అడిగేవాడు. నేను మూట కట్టి పెట్టుకునేదాన్ని. మూటలో గంజి కాచే కంచుగిన్నె, బియ్యం, ఆయన ధోవతి. నేను సముద్రాన్ని చీల్చిన దేవుడిని బోధించే ఇంట పెరిగిన మనిషిని. ఒక్క ఏరు, ప్రభువా. అది నీకెంత? అని అడిగాను. రాత్రంతా వాన కురిసేది.

ఒక మధ్యాహ్నం మిస్సమ్మ ఎద్దుబండి దిగింది. ఆ రోడ్ల మీద, ఆ రోజుల్లో, ఒంటరిగా. నేను ఆమె మొహం చూసి గోడ పట్టుకున్నాను.

"నీ భర్త ప్రభువునందు నిద్రించెను," అంది. తంతి వచ్చిందట.

ఆమె నా చేయి పట్టుకుని మిగతాది చెప్పింది. మేడగది ఉంచుతానన్న విధవరాలు, వచ్చేవాళ్లు ఇంకా రాలేదేమని ఆసుపత్రికి వెళ్లి చూసిందట. రోగికి ఎవరూ లేరని తెలిసి, ఆ రోజునుంచి ఆమే గంజి కాచి తెచ్చిందట. ఆయన చేయి లేపలేకపోతే చెంచాతో పోసేదట. ఆఖరి పూట కూడా తాగాడట.

తర్వాతి రోజుల్లో చాలామంది అది విని, చూశావా, దేవుడు ఆ వాడను ఊరకే చూపించాడా అని నన్ను ఓదార్చారు. ఆయన ఎంగిలి తింటూ పోలేదు, నిజమే. కానీ ఆ చెంచా నా చేతిలో ఉండాల్సింది. రోడ్డు తెరిచి ఉన్నన్ని రోజులు మేము వాడ వెతుకుతూ కూర్చున్నాం.

ఆ మధ్యాహ్నమే మామ లేచి మూట భుజానికెత్తుకుని వానలోకి దిగాడు. నేను వెంట పరుగెత్తాను.

"మామా, ఇగ ఎవరి కోసం పోతవ్?"

"వస్తున్నమని చెప్పించినం బిడ్డా. ఆమె గది పెట్టుకోని సూస్తుంటది. జాగిచ్చినోళ్లను గట్ల కూసోబెట్టొద్దు."

"ఆయన లేడు మామా!"

"ఆమె ఉన్నది గదా."

మూట కొస పట్టుకుని లాగాను. ఆయన వదల్లేదు. బజారులో జనం చూస్తుండగా మామా కోడళ్లం దాన్ని చెరోవైపు గుంజుకున్నాం. ఆయన కాలు జారి బురదలో కూలబడి, కొడుకును పేరు పెట్టి పిలుస్తూ ఏడ్చాడు. నేనూ పక్కనే కూలబడ్డాను. చిన్నప్పటినుంచి ఏ కష్టం వచ్చినా నీ చిత్తం ప్రభువా అనడం నేర్చుకున్నాను. ఆ మాట ఆ రోజు నా నోట రాలేదు. చాలాకాలం రాలేదు.

మిస్సమ్మ వచ్చి మా ఇద్దరి మీద గొడుగు పట్టి నిలబడింది. "లెమ్ము," అని నన్నొకసారి, ఆయన్నొకసారి అంటూనే ఉంది. మామ మూటను ఒళ్లో పెట్టుకుని, నది ఎటు దిక్కని దారిన పోయేవాళ్లను అడుగుతున్నాడు.